మామిడి చెక్క బిళ్ళలు

నూజివీడు చుట్టుపక్కల కారు బాడీల పనంటే నరసింహులు మేస్త్రిదే. హనుమాన్ జంక్షన్ లారీ ఓనర్లు కూడా ఆయన్ని కాదని ఇంకొకరి దగ్గరికి పోయేవారు కాదు. అంత పనివాడికీ ఒక పాడు భయం ఉండేది. ఎక్కడైనా కారు తలుపు ధన్‌మని పడితే సుత్తి గాల్లోనే ఆగిపోయేది, ముఖం పాలిపోయేది. "ఏంటి మేస్త్రీ, దయ్యాన్ని చూశావా?" అని పక్క కొట్లవాళ్ళు ఏడిపించేవారు. చూశాడనే చెప్పాలి. ఆ దయ్యానికి ఆరేళ్ళు, రెండు జడలు.

అరవై రెండులో సంగతి. తోటల ఆసామి సీతారామాంజనేయులు గారి నల్లకారుకి బాడీ విప్పి, బాగుచేసి, మళ్ళీ ఎక్కించింది నరసింహులే. కింద ఛాసిస్‌కీ పైన బాడీకీ మధ్య, ప్రతి బోల్టు దగ్గరా ఒక రబ్బరు బిళ్ళ పడాలి. బెజవాడ నుంచి రబ్బరు చాలినంత రాలేదు. చూస్తే మామిడి కోతలు ముమ్మరంగా ఉన్నాయి, కారేదీ అని ఆసామి నెత్తిన కూర్చున్నారు. కాయల పెట్టెలకి తెచ్చిన మామిడి చెక్క తోటలో గుట్టగా పడి ఉంది. వెనక కుడి మూల రెండు చోట్ల ఆ చెక్కనే బిళ్ళలుగా కోసి పెట్టేశాడు. ఒక్క సీజను కాయలు మోసి పొయ్యిలోకి పోయే చెక్క అది. వాన తగిలితే పుచ్చిపోతుందని ఆ ప్రాంతంలో ఎవరినడిగినా చెబుతారు. నరసింహులుకీ తెలుసు. రబ్బరు రాగానే మారుద్దామనుకున్నాడు. రబ్బరు వచ్చింది, ఈయన మార్చలేదు. ఎందుకు మార్చలేదంటే ఏం చెబుతాం, బద్ధకం!

రెండు వానాకాలాలు గడిచాయి. విస్సన్నపేట రోడ్డు మలుపులో ఆ కారు వెనక తలుపు తెరుచుకుని, ఆసామి గారి పాప కింద పడి అక్కడికక్కడే పోయింది. డ్రైవరు గంగరాజు తలుపు సరిగ్గా వెయ్యలేదన్నారు అందరూ. ఆ తర్వాత ఎవరూ అతని చేతికి బండి ఇవ్వలేదు. చివరికి ఆ తోటలోనే కాపలాకి కుదిరాడు. కారుని రేకుల షెడ్డులో పెట్టి తాళం వేశారు. ఇక నరసింహులు చూద్దామన్నా చూసే వీల్లేదు. చెక్క పుచ్చలేదేమో, గంగరాజు నిజంగానే తలుపు వెయ్యలేదేమో! ఆ 'ఏమో'ని పట్టుకునే ఇరవయ్యేళ్ళు బతికాడు మహానుభావుడు.

ఎనభై అయిదులో మద్రాసు నుంచి పాత కార్ల పిచ్చాయనెవరో వచ్చి, కారుని కొత్తదానిలా చేసిస్తే కొంటానన్నాడు. ఆసామి మళ్ళీ నరసింహులుకే కబురు పెట్టారు. షెడ్డు తెరిచి చూస్తే ఆ మూల బాడీ అరంగుళం దిగిపోయి ఉంది. తలుపు గడియ కొస మాత్రమే పట్టుకుంటోంది. బాడీ లేపితే ఏముంది, రెండు చోట్లా గుప్పెడు పొట్టు. షెడ్డులో చుక్క నీరు పడదు. పుచ్చిందంటే ఆ రెండు వానాకాలాల్లోనే. నరసింహులు ఆ పొట్టుని చేత్తో ఊడ్చేశాడు. ఆ రోజంతా చెయ్యి కడుగుతూనే ఉన్నాడు.

ఛాసిస్‌కి రంగు ఆరాక, లారీ టైరు కోసి బిళ్ళలు పెట్టి, బాడీ ఎక్కించడానికి తోట మనుషుల్ని పిలిచారు. వాళ్ళలో గంగరాజు కూడా వచ్చాడు. వచ్చి, పోయి పోయి ఆ వెనక మూలకే భుజం పెట్టాడు. బాడీ కూర్చుంది. బోల్టులు బిగించే ముందు తలుపులన్నీ వేసి చూడాలి. తలుపు కుదిరాకే బిగింపు.

"ఎవరన్నా ఆ వెనక తలుపు వెయ్యండయ్యా" అన్నాడు నరసింహులు.

గంగరాజు వేశాడు. లాగి చూశాడు. మళ్ళీ వేశాడు, మళ్ళీ లాగాడు. మూడోసారి కూడా.

"ఆ శ్రద్ధేదో ఆ రోజు ఉండాల్సింది గంగరాజూ!" అన్నారు కుర్చీలో కూర్చున్న ఆసామి.

"చిత్తమండీ" అన్నాడు గంగరాజు, తల వంచుకుని.

నరసింహులు నోరు మూసుకుంటే కారు మద్రాసు పోతుంది, ఇక ఎవరికీ తెలియదు. నోరు విప్పితే ఇన్నేళ్ళ పేరూ పోతుంది, పనీ పోతుంది. స్పానరు కింద పెట్టాడు.

"తప్పు అతనిది కాదండీ, నాది. ఆ మూల రబ్బరు బదులు మామిడి చెక్క పెట్టానండీ. పుచ్చి, బాడీ దిగిపోయింది. ఆ తలుపు ఎంత గట్టిగా వేసినా ఆగేది కాదండీ."

ఆసామి లేచి చెయ్యెత్తారు. "నా పిల్లరా..." అన్నారు. ఎత్తిన చెయ్యి దించేసి ఇంట్లోకి వెళ్ళిపోయారు. కొట్టినా బాగుండేదనిపించింది నరసింహులుకి.

గంగరాజు తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"అంటే, ఆ రోజు నేను తలుపు వేశానా?"

"వేశావు గంగరాజన్నా. వెయ్యకపోతే తోట గేటు దాటేలోపే తెరుచుకునేది. అంతదూరం వచ్చిందంటే నువ్వు వేశావనే."

"నిజంగా వేశానా?"

"వేశావన్నా. నన్ను తిట్టు, కొట్టు, నీ ఇష్టం."

గంగరాజు తిట్టలేదు.

"మా వెంకాయమ్మ అడుగుతూనే ఉండేదిరా" అన్నాడు. "'లోకానికి వద్దులే, పెళ్ళాన్ని, నాకు చెప్పయ్యా, వేశావా లేదా?' అనేది. గుర్తులేదే అనేవాణ్ణి. మొన్న మాఘంలో పోయే ముందు కూడా నా చెయ్యి పట్టుకుని అదే అడిగింది. గుర్తులేదే అనే చెప్పాను."