పత్తి చేను మాట

కేసముద్రం స్టేషన్ల బండి కోసం కూసున్న. పక్కన ఒక విదేశీ పిల్ల కాగితాలు పట్టుకొని వచ్చీరాని తెలుగుల చదువుకుంటున్నది. అడిగితే, పత్తి ఏరే ఆడోళ్ల మీద ఆమె చేసిన పరిశోధనట. రేపు జనగామ కాలేజీల అందరి ముందట చెప్పాలెనట.

"పురుగుమందు కొట్టిన తెల్లారే మా పటేలమ్మ మమ్ముల చేన్లకు తోలుతది" అని చదివి, ఆ మాట చెప్పిన అవ్వ పేరు, ఊరు కూడ చదివింది. ఆ చేను ఆసామిని, ఆ పటేలమ్మను నేనే.

"పేరు చదవకు బిడ్డా, బయటపడితే ఆమెకు పని దొరకదు" అన్న. అవ్వ కోసం అన్ననో, నా పరువు కోసం అన్ననో.

"ఆమె మీకు తెలుసా?"

"తెలుసు."

ఆ పిల్ల కలం తీసి పేరు, ఊరు కొట్టేసింది. "మాట మాత్రం ఉంచుతాను" అన్నది. నేను తలూపిన.

అప్పటిసంది మందు కొట్టినంక వారం దాక చేన్లకు ఎవ్వరినీ పోనియ్యలె. ఎందుకని అవ్వ అడగలె, నేను చెప్పలె.