వెనక్కి పోని బస్సు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. (ఆ రోజులంటే తాతల కాలమేమీ కాదు, నా పొట్ట ఇంకా చొక్కా గుండీల మాట వింటున్న రోజులు.) దోహాకు వచ్చి మెసైమీర్‌లో ఒక సైట్ మీద సిమెంటు బస్తాలు మోసి, నానా తంటాలు పడి బస్సు లైసెన్సు సంపాదించాక నా నడకే మారిపోయింది. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో అమ్మ అప్పటికే "మా పోరడు దుబాయ్‌ల బస్సు నడుపుతుండు" అని వాడకట్టంతా చెప్పేసింది. నేనున్నది దుబాయ్ కాదు, నా చేతిలో బస్సూ లేదు, ఉన్నది లైసెన్సు ఒక్కటే. అయినా ఆ మాటను సరిదిద్దాలని నాకు తోచలేదు. ఎలాగూ నిజమయ్యేదే, అమ్మ కాస్త ముందుగా చెప్పిందంతే అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే మా కంపెనీకి ఒక డ్యూటీ వచ్చింది. గ్రీసు దేశంలో ఏదో చిన్న ఊరికి చెందిన బాస్కెట్‌బాల్ జట్టు దోహాలో టోర్నమెంటు ఆడటానికి వస్తోంది, వాళ్ళను హోటల్ నుంచి హాలుకూ హాలు నుంచి హోటల్‌కూ తిప్పాలి. పాత డ్రైవర్లందరూ సెలవుల్లోనో వేరే డ్యూటీల్లోనో ఉండటంతో మా సూపర్‌వైజర్‌కు నేను తప్ప దిక్కు లేకపోయింది. ఆయనది గోదావరి జిల్లా. తాళం చెవులు నా చేతిలో పెడుతూ, "ఏరా అబ్బాయ్, వాళ్ళున్నన్ని రోజులూ నీ మీద ఒక్క మాట రాకూడదు. రాలేదనుకో, బస్సు నీదే. వచ్చిందనుకో, మళ్ళీ సైట్‌కెళ్ళి తట్ట మొయ్యడమే. అర్థమైందా?" అన్నాడు. "మీరు ఫికర్ జెయ్యకుండ్రి సార్, దోహల నాకెర్క లేని గల్లీ లేదు" అన్నాను. నిజానికి నాకు బాగా తెలిసిన దారి క్యాంప్ నుంచి సైట్‌కు పోయేదొక్కటే.

ఎయిర్‌పోర్టులో ఆ జట్టును చూసి నేను బస్సు వైపు ఒకసారి, వాళ్ళ వైపు ఒకసారి చూశాను. మాది మినీ బస్సు. వాళ్ళేమో ఒక్కొక్కరు వంగితే గాని తలుపులోంచి దూరలేరు. మోకాళ్ళు గడ్డాలకు ఆనించుకుని సర్దుకున్నారు పాపం. అందరికన్నా పొడుగువాడు కెప్టెన్, అతనికి నేను మనసులోనే తాటిచెట్టు అని పేరు పెట్టుకున్నాను. కోచ్ మాత్రం పొట్టిగా, తెల్ల మీసాలతో, ఎప్పుడూ ఎవరి మీదో కోపంగా ఉన్నట్టు కనిపించే పెద్దాయన. ఆయనకూ నాకూ ఇంగ్లీషు సమానంగా రాకపోవడం వల్ల ఒకరి మాటలొకరికి చక్కగా అర్థమయ్యేవి. వాళ్ళ ఊళ్ళో అందరూ వ్యవసాయమూ చిన్నాచితకా వ్యాపారాలూ చేసుకునేవాళ్ళేననీ, మ్యాచ్ ఉన్న సాయంత్రం కొట్లన్నీ మూసేసి హాలుకు వచ్చేస్తారనీ, ఆ ఊరికి ఇంతవరకు ఒక్క కప్పు కూడా రాలేదనీ తాటిచెట్టు చెప్పాడు. "ఈసారి వస్తది, నేనున్న గద!" అన్నాను తెలుగులోనే. అతను తల ఊపాడు.

టోర్నమెంటులో నాలుగే జట్లు, మావాళ్ళకు మూడు మ్యాచ్‌లు. (అప్పుడే వాళ్ళు నాకు మావాళ్ళైపోయారు.) మొదటి మ్యాచ్ రోజు హోటల్ దగ్గర పెద్ద రోడ్డు తవ్వేసి ఉంది, బండ్లు కదలడం లేదు. ఇక నా తెలివి బయటపెట్టాల్సిన సమయం వచ్చిందనుకుని, అల్ దోహా అల్ జదీదా అనే పేటలో ఒక సందులోకి బస్సు తిప్పాను. సగం దూరం పోయాక, ఒక మంగలి షాపు ముందు దారికి అడ్డంగా చిన్న కారొకటి పెట్టి ఉంది. హారన్ కొట్టాను. ఎవరూ రాలేదు. సరే, వెనక దారి ఖాళీగానే ఉంది కదా అని రివర్స్ గేరు వేశాను. బస్సు కీకీమని మొదలుపెట్టిందో లేదో, లోపల అందరూ ఒక్కసారిగా కేకలు పెట్టారు. ఎవరినో తొక్కేశానేమోనని గట్టిగా బ్రేకు నొక్కాను. పెద్దాయన పరుగున వచ్చి నా భుజం పట్టుకుని, "నో బ్యాక్! మ్యాచ్ డే, నో బ్యాక్!" అన్నాడు. మ్యాచ్‌కు బయలుదేరిన బస్సు వెనక్కి నడవకూడదట, నడిస్తే ఓటమేనట.

ఇంకెవరైనా అయితే నవ్వేవారేమో. నాకు మాత్రం, బయలుదేరేటప్పుడు ఎవరైనా వెనక నుంచి పిలిస్తే కూర్చోబెట్టి నీళ్ళు తాగించి గాని పంపని మా అమ్మ గుర్తొచ్చింది. విమానమెక్కి ఇంత దూరం వస్తే ఇక్కడా శకునాలేనా అనుకున్నాను గాని, మనసులో ఆ పెద్దాయన మీద గౌరవం పెరిగింది. గేరు తీసేశాను. తాటిచెట్టు నాలుగు మాటలు అనగానే జట్టంతా దిగి, కారు చుట్టూ చేరి, మంచం ఎత్తినంత సులువుగా ఎత్తి పక్కన పెట్టేశారు. అప్పుడొచ్చాడు షాపులోంచి కారు తాలూకు మనిషి, ఒక చెంప నున్నగా, ఒక చెంప నిండా సబ్బు నురగతో. "ఓరి దేవుడో! ఏం చేస్తాండారు రా? అది మా మేడమ్ కారు! గీత పడిందంటే నన్ను ఇంటికి తోల్తాది!" అని తెలుగులో మొత్తుకున్నాడు. కడప వైపు నుంచి వచ్చి అల్ ఘర్రాఫాలో ఒక విల్లాలో హౌస్ డ్రైవరుగా చేస్తున్నాడట. "ఏం కాలే అన్నా, పువ్వు లెక్క వెట్టిండ్రు, సూడు" అని చెప్పి బస్సు ముందుకు దూకించాను. ఆ రోజు మావాళ్ళు గెలిచారు.

గెలవకుండా ఉంటేనే బాగుండేదని రెండో మ్యాచ్ ముందు రోజు అనిపించింది. పెద్దాయన నన్ను పిలిచి, "టుమారో సేమ్ రోడ్. సేమ్ కార్" అన్నాడు. నేను తల ఊపి వెళ్ళబోతుంటే వెనక్కి పిలిచి, చెంప మీద వేలు తిప్పుతూ, "సేమ్ సోప్" అన్నాడు. కాదంటే కోప్పడతాడు, కోప్పడితే మాట వస్తుంది, మాట వస్తే తట్ట. మంగలిని బతిమాలి కడపన్న ఫోన్ నంబరు పట్టి, విషయం చెప్పాను.

"ఏందబ్బా, నీకేమన్నా తిక్కా?" అన్నాడు. "నిన్ననే గీయించుకుంటి. రేపు మళ్ళా గీసేకి నా మొగాన ఏముండాది?"

"గీకుడు అద్దన్నా, నురగ ఉంటె సాలు. నా కొలువు నీ సెంప మీదనే ఉన్నది."

కడపన్న తిట్టాడు గాని వచ్చాడు. అంతేకాదు, ఈసారి కారులోనే కూర్చుని ఎత్తించుకున్నాడు. నురగ చెంపతో కిటికీలోంచి చెయ్యి ఊపుతూ, "యల్లా, పైకి! ఇంగా పైకి!" అని అరుస్తుంటే సందులో జనం ఫోన్లు తీశారు. మావాళ్ళు మళ్ళీ గెలిచారు. మూడోదీ గెలిస్తే కప్పు మాదే.

మూడో మ్యాచ్ రోజు బస్సు హోటల్ ముందు పెట్టుకుని కూర్చున్నానో లేదో కడపన్న ఫోన్. "మాఫీ కారు, సామీ. ఈ పొద్దు కారు దొరకదు. మేడమ్ చుట్టాలొచ్చినారు, వాళ్ళని తిప్పాల. నన్నేం చేయమంటావో చెప్పు" అన్నాడు. ఆయన గొంతులో నాకన్నా ఎక్కువ దిగులుంది. ఆ మాట పెద్దాయనకు చెప్పే ధైర్యం లేక బస్సు తీశాను. సందులో ఆ చోటు ఖాళీగా ఉంది. బస్సు ఆపాను. లోపల అందరూ ఆ ఖాళీ వైపే చూస్తున్నారు. నాకేం తోచిందో ఏమో, దిగి మంగలి షాపులోకి పరుగెత్తి, "భాయ్, జల్దీ, ఏక్ సైడ్!" అన్నాను. ఒక చెంప నిండా నురగ పెట్టించుకుని వచ్చి, కారు ఉండాల్సిన చోట చేతులు కట్టుకుని నిలబడి, "ఎత్తుండ్రి!" అన్నాను.

తాటిచెట్టు ముందు నవ్వాడు, తర్వాత దిగాడు, ఆ తర్వాత అందరూ దిగారు. నన్ను ఆకాశానికెత్తి, జాగ్రత్తగా పక్కన పెట్టారు. అంత ఎత్తు నుంచి దోహాను నేను ఆ ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. నురగ తుడిస్తే శకునం చెడుతుందని అలాగే హాలుదాకా నడిపాను. గేటు దగ్గర సెక్యూరిటీవాడు నా ముఖం చూసి ఏదో అడగబోయి, వెనక కూర్చున్న మనుషులను చూసి ఊరుకున్నాడు.

ఒక్క బుట్ట తేడాతో ఓడిపోయారు. ఆ ఆటలో ఎప్పుడు ఎన్ని పాయింట్లిస్తారో నాకు ఇప్పటికీ తెలియదు, కానీ ఆఖరి బంతి అంచుకు తగిలి బయట పడినప్పుడు రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాను. మూసిన కొట్లూ, చూడని ఆ ఊరూ కళ్ళ ముందు కదిలాయి. బస్సు దగ్గర పెద్దాయన కనిపించగానే, "సారీ సార్, నో కార్" అన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి, జేబులోంచి రుమాలు తీసి, ఎండిపోయిన నురగను తనే తుడిచాడు. "నాట్ కార్. నంబర్ సెవెన్" అన్నాడు. అవతలి జట్టులో ఏడో నంబరువాడు బాగా ఆడాడు, అంతే.

మర్నాడు సూపర్‌వైజర్ నుంచి ఫోన్. "మీ కోచ్‌ని అడిగాన్రా, కుర్రాడెలా ఉన్నాడని. గుడ్ డ్రైవర్, నెవర్ బ్యాక్ అన్నాడు. మెచ్చుకున్నాడా, నీకు రివర్స్ రాదని చెప్పాడా? సరేలే, ఏదైతేనేం, బస్సు నీదే" అన్నాడు. ఎగిరి గంతేయాల్సిన మాట అది. నేను మాత్రం "అట్లనే సార్" అని ఫోన్ పెట్టేసి, వాళ్ళ సామాన్లు బస్సులో సర్దుతూ ఉండిపోయాను.

ఎయిర్‌పోర్టులో వాళ్ళను దించాక చూస్తే ముందు వ్యాన్ అడ్డం, వెనక్కి తీస్తే గాని బయటపడను. వాళ్ళ ముందు గేరు వేయడానికి చెయ్యి రాలేదు. పెద్దాయన సంగతి కనిపెట్టి, "ఫినిష్ మ్యాచ్. నౌ బ్యాక్" అన్నాడు. తాటిచెట్టు బస్సు వెనక్కి వెళ్ళి, రెండు చేతులూ ఊపుతూ దారి చూపించడం మొదలుపెట్టాడు. మిగతావాళ్ళూ చేరి తలో కేకా పెట్టారు. ఆ భాష నాకు రాదు, కానీ రమ్మంటున్నారని తెలుస్తోంది. కళ్ళనిండా నీళ్ళు, అద్దాల్లో ఏమీ కనబడలేదు. వాళ్ళ గొంతుల్ని బట్టే బస్సు తీశాను. ఈ రోజుల్లో నేను చాలా పెద్ద బస్సులే నడుపుతున్నాను, నాకు తెలియనివి చాలా ఉన్నాయని కూడా తెలిసింది. ఒక్కోసారి ఎయిర్‌పోర్టులో గేరు మారుస్తుంటే మాత్రం ఒకప్పటి నేనే అయిన ఆ నురగ చెంప కుర్రాడు గుర్తొచ్చి, తన ఊరు కాని ఊరి కోసం అంతగా ఏడ్చినందుకు వాడంటే నాకు ముద్దొస్తుంది.