ఎమ్మెల్యేకీ ఈ కార్డేనా?

కారంపూడి కొండమ్మకు అడగడం ఒక జబ్బు. గుండెజబ్బు ఈ మధ్య వచ్చింది గానీ ఇది పుట్టుకతోనే ఉంది. బస్సెక్కితే పక్కసీటు ఆమెది ఏ ఊరు, ఎవరి కోడలు, సంచిలో ఏముంది, అన్నీ తేలాల్సిందే. విసుక్కున్నవాళ్ళున్నారు, మొహం తిప్పుకున్నవాళ్ళున్నారు. "తెలవకపోతే అడగొద్దా ఏంది?" అని మళ్ళీ మొదలుపెడుతుంది. ఆమె మొగుడు కోటయ్య మాట్లాడని మనిషి. ఆ ఇంట్లో మాటల కోటా మొత్తం ఆమెకే పోయింది.

ముప్పై ఏళ్ళుగా ఆమె పని ముచ్చికలు తీయడం. అంటే ఎండుమిరపకాయకున్న తొడిమ తుంచడం. ఆ పనిలో ముందు చేతులు మండుతాయి, తర్వాత మంట అలవాటవుతుంది, ఆ తర్వాత వేళ్ళమీద గీతలు అరిగిపోతాయి. రేషన్ మిషన్ మీద కొండమ్మ వేలు ఒక్కసారికే పడితే డీలరు కూడా ఆశ్చర్యపోతాడు.

ఆమె ముఠాలో ముప్పైమంది ఆడవాళ్ళు. మేస్త్రీ రామబ్రహ్మం. మధ్యాహ్నం వంట కోల్డ్ స్టోరేజీ షెడ్డులోనే, వంతులవారీగా. అక్కడొక కట్టుబాటు ఉంది. వండినామె ముందుగా, అందరూ చూస్తుండగా, రెండు ముద్దలు తినాలి. ఎప్పుడో ఒకామె పురుగుమందు పట్టిన డబ్బాలో నూనె పోయించుకొచ్చి వండితే నలుగురు ఆస్పత్రి పాలయ్యారు. అప్పటినుంచి వచ్చిన కట్టుబాటు ఇరవై ఏళ్ళయినా తప్పలేదు. వండినామె మూతి తుడుచుకున్నాకే మిగిలినవాళ్ళు పళ్ళేలు అందుకుంటారు.

అందుకే, పేదల ఆరోగ్య కార్డు మీద వైద్యం పరిమితి పెంచారని, ఎమ్మెల్యేలంతా సరేనన్నారని టీవీలో చూసిన రోజు కొండమ్మకు వచ్చిన అనుమానం వేరే ఎవరికీ రాలేదు. "సరేనన్నోళ్ళు గూడా ఈ కార్డు మీదే చూపించుకుంటారా?" అని అడిగింది. కోటయ్య "ఏమో" అన్నాడు. రామబ్రహ్మం "నీకెందుకే కొండమ్మా, నీ కార్డు నీకుంది గదా" అన్నాడు. ఊళ్ళో ఆశా కార్యకర్తను అడిగింది, బస్ కండక్టర్ని అడిగింది, పంచాయతీ ఆఫీసులో ఇద్దర్ని అడిగింది. ఒక్కరికీ తెలియదు. తెలియదని వాళ్ళకు సిగ్గు కూడా లేకపోవడం ఆమెకు మరీ వింతగా తోచింది.

ఆర్నెల్లు తిరగకుండా ఆ కార్డు పట్టుకుని ఆమే నరసరావుపేట ఆస్పత్రిలో కూర్చోవాల్సి వచ్చింది. గుండెకు పోయే నాళం ఒకటి పూడిందన్నారు, స్టెంట్ వేయాలన్నారు. వేసే డాక్టరు గుంటూరు నుంచి బుధవారం, శనివారం మాత్రమే వస్తాడు. ఆ రోజు బుధవారం. "మూడింటికి లోపలికి తీసుకుంటాను. శనివారం దాకా ఆపడం మాత్రం మంచిది కాదు" అని కోటయ్యతో విడిగా చెప్పాడు. మొగుడి మొహం చూడగానే కొండమ్మ ఆ సంగతి కూపీ లాగేసింది.

కార్డు కౌంటర్‌లో ఉండే అమ్మాయి వాసంతి వేలు పెట్టమంది. పడలేదు. కొండమ్మ వేలిని నూనె తలకు రుద్దుకుని పెట్టింది. పడలేదు. పది వేళ్ళూ అయిపోయాయి.

"ఇంక ఓటీపీ ఒక్కటే దారి పిన్నీ. ఆధార్‌లో ఉన్న నంబర్‌కు పోతుంది. చివర నలభై ఏడు, ఆ ఫోన్ తెచ్చావా?"

కొండమ్మకు అప్పుడు వెలిగింది. ఆ నలభై ఏడు రామబ్రహ్మానిది. ఆధార్ రాసిననాడు ముఠా మొత్తానికీ మేస్త్రీ తన నంబరే ఇచ్చాడు. అప్పట్లో ఆడవాళ్ళకు ఫోన్లెక్కడివి? మెసేజి వస్తే మేస్త్రీ చదివి చెప్తాడులే అని అందరికీ హాయిగానే అనిపించింది. తర్వాత అందరికీ ఫోన్లు వచ్చాయి గానీ నంబరు మార్చుకోవాలన్న ఊహ ఒక్కరికీ రాలేదు. అన్నీ అడిగే కొండమ్మ ఈ ఒక్కటీ అడగలేదు చూడండి.

రామబ్రహ్మానికి ఫోన్ చేస్తే ఎత్తడు. ఎలా ఎత్తుతాడు? ఆ పూట నరసరావుపేటలోనే ఎమ్మెల్యేకు సన్మానం. కార్డు పరిమితి పెంచినందుకే ఆ సన్మానం. జనాన్ని తీసుకొచ్చిన వాళ్ళలో రామబ్రహ్మం ఒకడు. కల్యాణమండపం రెండు వీధుల అవతలే.

"నువ్వు కదలొద్దు పిన్నీ, బాబాయిని పంపించు" అంది వాసంతి.

"మీ బాబాయి పోతే వాకిట్లోనే నిలబడి వచ్చిద్దమ్మాయ్ ఆ మనిషి. నేనే పోయొస్తా" అని కొండమ్మ ఆటో ఎక్కింది. కోటయ్య ఫైలు పట్టుకుని వెనకే ఎక్కాడు.

మండపంలో ఎమ్మెల్యే మాట్లాడటం అయిపోయింది. లబ్ధిదారులు ఎవరైనా మాట్లాడతారా అంటున్నారు. ముందు వరసలో రామబ్రహ్మం కనిపించగానే కొండమ్మ చెయ్యెత్తి ఊపింది. మైకు కుర్రాడు పరుగున వచ్చి ఆమె చేతిలో మైకు పెట్టాడు. చేతికొచ్చిన మైకును వదులుకునే మనిషా ఆమె!

"మేస్త్రీ, ఫోన్ తియ్యి. నీ ఫోన్లో నా ప్రాణం ఉంది" అంది.

హాలంతా నవ్వింది. ఎమ్మెల్యే నవ్వలేదు. యాభై దాటిన మనిషి, దండల బరువుకు మెడ కొంచెం ముందుకు వంగి ఉంది. సంగతేమిటని అడిగాడు. కొండమ్మ మొత్తం చెప్పింది, వేలు పడకపోవడం, నంబరు, మూడింటి డాక్టరు. చెప్పి ఊరుకుంటే ఆమె కొండమ్మ ఎందుకవుతుంది?

"మీక్కూడా ఇట్టాగే అయిద్దా అయ్యా? మీ వేలు పడిద్దా?"

"మాకు వేరే ఉంటుందమ్మా."

"వేరే అంటే ఏంది?"

రామబ్రహ్మం లేచి "ఏమే, ఇంక ఆపు" అని సైగలు చేస్తున్నాడు. ఎమ్మెల్యే మాత్రం "ఎక్కడన్నా చూపించుకుంటాం, బిల్లు పెడితే డబ్బులొస్తాయి" అన్నాడు.

"అంటే ఈ కార్డు మీరు ఎప్పుడూ వాడి చూడలా?"

"నాకు ఆ కార్డు ఇవ్వరమ్మా."

కొండమ్మ గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకోవాలని ఉంది ఆమెకు. "మా ముఠాలో కూర వండినామె ముందు తినాల. అందుకే మేం భయం లేకుండా తింటాం. మీకట్టాంటిది లేదేమోనని అడుగుతున్నా" అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. మైకు కుర్రాడు మైకు లాక్కోబోతే ఎమ్మెల్యే వద్దన్నాడు. దండలు తీసి బల్లమీద పెట్టి "పద, నేనే వస్తా ఆస్పత్రికి" అన్నాడు.

కెమెరాలు వెంటబడ్డాయి. కౌంటర్ ముందు రామబ్రహ్మం ఫోన్లోంచి ఎమ్మెల్యేయే అంకెలు చదివాడు. మొదటిది గడువు దాటింది. రెండోది వచ్చాక చూసుకుంటే ఆయన కళ్ళజోడు కారులోనే ఉండిపోయింది. రెండు అంకెలు తప్పు చదివాడు, వాసంతి మెల్లగా "మళ్ళీ చెప్పండి సార్" అంది. మూడోది పడింది.

"అయిపోయిందిగా?" అన్నాడు ఆయన.

"లేదు సార్. ఇప్పుడు ఫైలు పైకి, కార్డు ఆఫీసుకు పోతుంది. పైన డాక్టరు చూసి ఓకే అనాలి. ఒక్కోసారి గంట, ఒక్కోసారి సాయంత్రం."

అప్పుడు ఒంటిగంట పది. ఎమ్మెల్యే జేబులోంచి ఫోన్ తీశాడు. "పైవాళ్ళతో నేను మాట్లాడతా, ఐదు నిమిషాల పని."

కొండమ్మ ఆయన చెయ్యి మీద చెయ్యి వేసింది. ఎవరి చెయ్యి మీద వేశానా అని ఆ తర్వాత ఆమెకే గుండె దడదడలాడింది.

"మీరు ఫోన్ చేస్తే నా పని అయిద్దయ్యా. చెయ్యకపోతే ఎట్టా అయిద్దో మీకెట్టా తెలిసేది?"

కోటయ్య ఆ రోజుకు మొదటి మాట మాట్లాడాడు. "నీకేమన్నా పిచ్చా?" అన్నాడు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆమెను అంత గట్టిగా అనడం అదే మొదటిసారి.

కొండమ్మకు భయం వేసింది. మొగుడి మొహం చూస్తే ఇంకా వేసింది. "రెండున్నర దాకా చూడండయ్యా. అప్పటిగ్గూడా రాకపోతే చేసెయ్యండి. నాకూ బతకాలనే ఉంది" అంది.

ఎమ్మెల్యే ఫోన్ జేబులో పెట్టుకుని ఆ ఇనుప బెంచీ మీద వాళ్ళిద్దరి మధ్య కూర్చున్నాడు. కెమెరాలవాళ్ళు ఇరవై నిమిషాలు ఓపిక పట్టారు. కూర్చున్న మనిషిని ఎంతసేపని తీస్తారు? ఒక్కొక్కరే జారుకున్నారు. వెంట వచ్చినవాళ్ళు టీకి పోయారు. రామబ్రహ్మం గోడకానుకుని మిగిలిన ఇరవైతొమ్మిదిమంది నంబర్ల సంగతి ఆలోచిస్తూ నిలబడ్డాడు.

ఒకటీ ముప్పావుకు ఎమ్మెల్యే లేచి కౌంటర్ దగ్గరికి పోయాడు. "ఇంకా రాలేదు సార్." రెండింటికి మళ్ళీ పోయాడు. రాలేదు. తిరిగొచ్చి చొక్కా పైగుండీ విప్పుకున్నాడు. బెంచీ మీద ఇంకో చివర ఉన్న ముసలాయనను "మీరెప్పటినుంచి?" అని అడిగాడు. "నిన్నటి నుంచి నాయనా" అన్నాడు ఆయన. కొండమ్మ ఎమ్మెల్యేను పిల్లలెంతమంది, బీపీ ఉందా, వాళ్ళమ్మకు కార్డుందా అన్నీ అడిగింది. అమ్మ పోయిందట, పెద్ద ఆస్పత్రిలో, బిల్లు ఎంతయిందో ఆయనకు గుర్తులేదట. కొండమ్మకు జాలేసింది, అది దాచుకోకుండా "పాపం" అనేసింది.

రెండూ ఇరవైకి ఎడమ చెయ్యి లాగడం మొదలైంది. కొండమ్మ ఎవరికీ చెప్పలేదు. ఎందుకు ఆపానురా భగవంతుడా, ఈ అడిగే బుద్ధి నన్ను చంపేట్టుందే అనుకుంది. కోటయ్య చెప్పకుండానే కనిపెట్టి ఆమె చెయ్యి తన ఒళ్ళోకి తీసుకున్నాడు. ఎమ్మెల్యే అది చూశాడు. ఫోన్ బయటికి తీశాడు, గడియారం చూశాడు, నంబరు నొక్కబోయాడు.

"వచ్చింది పిన్నీ, వచ్చింది" అంది వాసంతి, కౌంటర్ వెనక లేచి నిలబడి.

ఇంక అంతా గబగబా జరిగింది. స్ట్రెచర్ వచ్చింది, గాజులు తీశారు, కోటయ్య చేత సంతకం పెట్టించారు. స్ట్రెచర్ కౌంటర్ ముందునుంచి పోతుంటే ఎమ్మెల్యే వాసంతిని మెల్లగా అడగడం కొండమ్మ చెవిన పడింది. "నేను కూడా ఈ కార్డు మీదే చూపించుకోవాలంటే ఏం చేయాలమ్మా?"

వాసంతి తడబడింది. "రూల్లో లేదు సార్." గొంతు తగ్గించి అంది: "రూలు పెట్టేది మీరే గదా సార్."

ఆయన ఏమన్నాడో వినాలని కొండమ్మ తలెత్తింది. నర్సు పడుకోమని అదిమింది. తలుపులు మూసుకున్నాయి.

సాయంత్రం అయిదున్నరకు ఐసీయూలో కళ్ళు తెరిచేసరికి కోటయ్య పక్కన నిలబడి ఏడుస్తున్నాడు. స్టెంట్ బాగా కూర్చుందని, భయం లేదని చెప్పబోయాడు. డ్యూటీ దిగి ఇంటికి పోతూ చూడటానికొచ్చిన వాసంతి వెనకే ఉంది. కొండమ్మ కళ్ళు మొగుణ్ణి దాటి ఆ పిల్ల మీదికి పోయాయి.

"ఏం జెప్పాడే?"

"ఎవరు పిన్నీ?"

"ఆయన. రూలు పెట్టేది మీరే గదా అని నువ్వన్నప్పుడు."

"ఏం చెప్పలేదు పిన్నీ. ఆ ముసలాయన పక్కన ఇంకాసేపు కూర్చుని వెళ్ళిపోయాడు."

"నువ్వు మళ్ళీ అడగలేకపోయావా?"

"నాకు భయమేసింది."

కొండమ్మ కళ్ళు మూసుకుంది. ఎడమ చెయ్యి లాగడం లేదు, ఊపిరి నిండుగా, తేలిగ్గా వస్తోంది. నవ్వొచ్చింది ఆమెకు.

"సర్లే. నేనున్నాగా. లేచి నేనే అడుగుతా" అంది.