మల్బరీ కట్టెలు కరిగించిన మేడమ్

మా కెమిస్ట్రీ మేడమ్ పోయిన వారం కన్నుమూశారు. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేసి, "అక్క పోయిందమ్మా. నిద్రలోనే పోయింది," అంది. కుక్కర్ కూస్తోంది. స్టవ్ ఆపి బస్టాండుకు బయల్దేరాను.

మేడమ్ దగ్గర నేను మూడేళ్ళు పరిశోధన చేశాను. పట్టుపురుగులకు ఆకు కోసేశాక మిగిలే మల్బరీ కట్టెలే మా ముడిసరుకు. మా ఊరు క్యాసంబళ్ళిలో నాయన చేనులోంచి మోపు కట్టి బస్సులో తెచ్చేదాన్ని. వాటిని పొడిచేసి అయానిక్ ద్రవంలో వేడిచేసేవాళ్ళం. అదీ ఒకరకం ఉప్పే. కాకపోతే గది వేడిలోనే ద్రవంగా ఉంటుంది, తేనెలా చిక్కగా. నీళ్ళకు లొంగని కట్టె అందులో కరిగిపోయేది. తర్వాత నీళ్ళు కలిపితే తెల్లటి పీచు విడిపోయి అడుగుకు చేరేది. దాన్నుంచి చక్కెరలు, చక్కెరల నుంచి ప్లాస్టిక్‌కు కావలసిన రసాయనాలు.

ఒకరోజు పీచు వడకట్టాక మిగిలిన నీళ్ళు, అందులోని ఆ ఉప్పుతో సహా, పారబోశాను.

"యాడ పోసినావమ్మా?"

"సింక్‌లో, మేడమ్."

ఆమె తిట్టలేదు. ఆ శనివారం గోల్డ్ ఫీల్డ్స్‌లో తాను పుట్టిన వీధికి తీసుకెళ్ళారు. ఇళ్ళ వెనకే, బంగారం తీసేశాక గనివాళ్ళు పారబోసిన సైనైడ్ మట్టిదిబ్బ. గాలికి దుమ్ము లేస్తే ఇద్దరం కొంగులు అడ్డం పెట్టుకున్నాం.

"మా నాయన గని మిల్లులో సైనైడ్ పోసి బంగారం కరిగించినాడు. బంగారం పోయింది, గని మూసినారు. ఈ మట్టి మాత్రం యాడికీ పోలా," అన్నారు.

కొన్నాళ్ళకు ఒక రసాయనాల కంపెనీ వాళ్ళు వచ్చారు. మా పద్ధతితో టేకల్ దగ్గర ప్లాంటు పెడతామన్నారు. అందులో నాకు ఉద్యోగం. మేడమ్ అడిగింది ఒక్కటే: "మూడోసారి వాడేటప్పటికే ద్రవం నల్లబడి పనికిరాకుండా పోతాది. దాన్ని యాడ పోస్తారప్పా?"

"అది మేం చూసుకుంటాం మేడమ్."

"చూసుకుంటామంటే ఎట్లప్పా? ఇప్పుడే చెప్పండి."

వాళ్ళు ఒప్పంద కాగితాలు ముందుకు జరిపారు. మేడమ్ సంతకం పెట్టలేదు.

"మీ ఊరి దిబ్బ కోసం నా ఉద్యోగం పోవాల్నా?" అని ముఖం మీదే అనేశాను. ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "కోపం వస్తే రానీలే. రేపు వస్తావు కదా?" అన్నారు.

నేను వెళ్ళలేదు. ఏడాదికి పైగా వెళ్ళలేదు.

ఒక మధ్యాహ్నం ఆమే ఫోన్ చేశారు. "అమ్మా, నలుపు తీసే దారి దొరికింది. అదే ద్రవం పదోసారి కూడా పనిచేసింది. ఇంగ రా. పరిశోధన పేపర్లో నీ పేరు కూడా రాసినాను." పరుగున వెళ్ళాను. క్షమించమని అడగబోతే, "ముందు ఆ బీకరు పట్టుకో," అన్నారు.

ప్లాంటు ఇప్పటికీ రాలేదు. కానీ ఆమె చూపిన పద్ధతిలోనే ఇవాళ నా విద్యార్థులు రాగుల పంట గడ్డి కరిగిస్తున్నారు. నాకు దొరికిన ఉద్యోగం ఈ పాఠాలు చెప్పడమే. దానికి ఆమెకు ఎన్నిసార్లు దండం పెట్టుకున్నా చాలదు.

అంత్యక్రియల నాడు సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక చెల్లెలు నన్ను ఇంటికి తీసుకెళ్ళి మేడమ్ బల్ల సొరుగు తెరిచింది. లోపల చిన్న సీసా. కట్టెకు గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్ నుంచి మేడమ్ తీసిన పదార్థమని చెప్పాను. మూత తిప్పాను. వెనీలా ఐస్‌క్రీమ్ వాసన.

"ఇది కట్టెలో ఉండేదా?" అంది చెల్లెలు. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నా, అక్క ఏం పని చేస్తుందో ఆమె ఎన్నడూ అడగలేదట. సీసాను ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, అలాగే గడప మీద కూర్చుండిపోయింది.