ఓడ టైము

బ్లడ్ బ్యాంకులో ఆమెను అందరూ లేబులమ్మ అంటారు. పదకొండేళ్లుగా ప్రతి సంచికీ రక్తం తీసిన తేదీ, గడువు తేదీ ముద్రించి అంటించేది ఆమే. భర్త సరుకు ఓడలో వంటవాడు. నెలకో సముద్రంలో ఉంటాడు.

పొద్దున్నే కంప్యూటర్లో ఆదేశాలు టైపు చేసే షెల్ విండో ఒకటి తెరిచి, టైమ్ జోన్ మార్చేందుకు ఎక్స్‌పోర్ట్ టీజెడ్ అని కొట్టి, ఓడకు దగ్గరి పట్టణం పేరు చేర్చేది. ఆ ఒక్క విండోలో గడియారం ఆయన టైము చూపించేది. పక్క విండోలో నడిచే లేబుళ్ల ప్రోగ్రాముకు ఆ సంగతే తెలియదు. విండో మూస్తే అంతా మాయం. ఇప్పుడు లేచి ఉంటారు, ఇప్పుడు గరిటె పట్టి ఉంటారు అనుకుంటూ రోజు గడిపేది. దీనివల్ల ఎవరి సొమ్మూ పోలేదు.

ఓడ తూర్పు సముద్రాల్లోకి వెళ్లింది. అక్కడి టైము మనకన్నా ఏడున్నర గంటలు ముందు. రోజూ కొట్టడం దేనికని ఆమె ఆ లైనును, లాగిన్ అవగానే షెల్ చదువుకునే ప్రొఫైల్ ఫైల్లో రాసేసింది. బద్ధకం ఎంత తెలివిగా ఆలోచిస్తుందో! మర్నాడు తెరిచిన ప్రతి విండోకూ, లేబుళ్ల ప్రోగ్రాముకు కూడా, ఓడ టైమే వచ్చింది.

సాయంత్రం నాలుగున్నర దాటగానే, ఓడలో అర్ధరాత్రి దాటి, లేబుళ్ల మీద రేపటి తేదీ పడింది. అయిదు రోజులకు మించి నిలవని ప్లేట్‌లెట్లకు ఆరో రోజు పుట్టుకొచ్చింది. ఏడో సంచికి అంటిస్తూ చూసుకుంది. అప్పటికే ఒకటి వార్డుకు వెళ్లిపోయింది. మూడంతస్తులు పరుగున ఎక్కి, గడువు దాటాక ఎవరికీ ఎక్కకుండా దాన్ని వెనక్కి తెచ్చుకుంది.

తప్పుల రిజిస్టర్లో కారణం దగ్గర అక్కడ అందరూ రాసేది ఒక్కటే, ‘కంప్యూటర్ తప్పు’ అని. పాపం, అది నోరు తెరిచి కాదనదు కదా. ఆమె కూడా ఆ మాటే రాయబోయింది. రాస్తే అడిగేవాళ్లు లేరు. నిజం రాస్తే ఉద్యోగానికే ఎసరు. కానీ ఆ సంచి కోసం మంచం మీద ఎదురుచూస్తున్న మనిషిని ఆమె ఇప్పుడే చూసి వచ్చింది. ‘మా ఆయన టైము చూసుకోవాలని నేనే మార్చాను’ అని రాసి, సిగ్గుతో చితికిపోతూ ఇన్‌చార్జి మేడం ముందు పెట్టింది.

మేడం రెండుసార్లు చదివింది.

“ఇది పైకి పంపాలమ్మా. వాళ్లేమంటారో నేను చెప్పలేను.”

“పంపండి మేడం.”

“ఇంతకీ మీ ఆయనకి ఇప్పుడు టైమెంత?”

“ఒంటిగంట. అక్కడ రేపైపోయింది,” తెర వైపు చూడకుండానే చెప్పింది.

“నోటికొచ్చుగా! మరి ఆ లైను దేనికమ్మా?”



“అది కనిపిస్తుంటే ఒక్కదాన్నే ఉన్నట్టు ఉండదు మేడం.”