జీపు కూత, నాలుగు ఒప్పుకోళ్లు

ఆ రోజుల్లో మైకు పట్టుకున్న మనిషికి ఉన్న గౌరవం ఇప్పటివాళ్లకు చెప్పినా నమ్మరు. పెండ్లికి వచ్చిన జనం పెండ్లికొడుకు తర్వాత చూసేది మైకువాణ్నే. కరీంనగర్‌లో మా క్రైస్తవ సంఘానికి నేనే మైకువాణ్ని. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. అంతకుముందు రెండేళ్లు ప్రార్థన కూటాలకు చాపలు మోసి, పరిచి, దులిపి, చుట్టి, ఒక్కో మెట్టూ ఎక్కి ఆ పదవికి వచ్చాను కాబట్టి నేనెంత ఎత్తులో ఉన్నానో నాకు కచ్చితంగా తెలుసు. (గర్వం పాపమని ప్రతి ఆదివారం వినేవాణ్ని. ఆ మాట అందరికీ వినబడేలా చేసింది నేనే కదా అన్న సంతోషంతో వినేవాణ్ని.)

ఆ యేడు మా సంఘంవాళ్లు మిలిటరీ వేలంలో పోయిన పాత జీపును ఎట్లాగో సంపాదించారు. దాని నెత్తిన గుమ్మడిపువ్వులాంటి లౌడ్‌స్పీకరు, వెనుక సీటు కింద బ్యాటరీతో నడిచే యాంప్లిఫయరు. ఇంజను ఆపి మాట్లాడితే గొంతు కంచు మోగినట్టు వచ్చేది. ఇంజను నడుస్తుంటే మాత్రం మాట వెనుక సన్నటి కూత ఒకటి మొదలయ్యేది. యాక్సిలరేటరు తొక్కితే పెరిగేది, వదిలితే తగ్గేది. అయ్యగారు (మా పాస్టరుగారిని అందరమూ అలాగే పిలిచేవాళ్లం) పరలోకం గురించి చెబుతుంటే వెనుక నరకంలో ఎవరో ఏడుస్తున్నట్టు ఉండేది. బ్యాటరీ దిగిపోకుండా కూటం సాగినంతసేపూ ఇంజను నడవాల్సిందే, కాబట్టి ఆ ఏడ్పు కూడా చివరిదాకా సాగేది.

బజారులో రేడియోలు బాగుచేసే చాచా ఒకాయన ఉండేవాడు. జీపు చుట్టూ రెండుసార్లు తిరిగి, సీటు వెనుక రేకు మీది బోల్టు మీద వేలు పెట్టాడు. "ఎర్తు వైరు గీడ కట్టు. గని రంగు మీద కట్టకు. ఇనుము తెల్లగ మెరిసేదాంక గీకి కట్టు. గింతే, ఫికర్ జెయ్యకు" అన్నాడు. చిన్న పనే. అయితే ఆ రేకు మీద మా సంఘపెద్ద ఒకాయన వారం రోజులు కూర్చుని నీలిరంగుతో బైబిలు వాక్యం రాసిపెట్టాడు. బోల్టు సరిగ్గా ప్రభువు పేరు నడుమ పడింది. రెండుసార్లు కత్తి ఆనించాను, రెండుసార్లు తీసేశాను. ఆ పేరును గీకిన చెయ్యి తర్వాత ఏమవుతుందోనన్న భయం ముందు ఏ కూతా లెక్కలోకి రాలేదు. రంగు మీదనే వైరు చుట్టి బోల్టు బిగించాను. గీకినవా అని అయ్యగారు అడిగితే, గీకిన అని చెప్పాను.

కూత పోలేదు. మైకు వైరు మార్చాం, ప్లగ్గులు తుడిచాం, ఒక శుక్రవారం ఉపవాసం కూడా ఉన్నాం.

హుస్నాబాద్‌లో అంగడి రోజున పెద్ద కూటం పెట్టుకున్నాం. జీపులో నలుగురం: అయ్యగారు, పాటలు ఎత్తుకునే పాటలవ్వ, నేను, స్టీరింగు మామ. మామ మా సంఘం మనిషి కాదు, కొండగట్టు అంజన్న భక్తుడు. బొగ్గు లారీలు నడిపి నడిపి విసిగి మా దగ్గరికి వచ్చినవాడు. ఊరు రెండు మైళ్లుందనగా అయ్యగారు మైకు పరీక్షించమన్నారు. కూసింది. తుమ్మచెట్ల పక్కన జీపు ఆపించి, బైబిలులో ఒకడు దాచిన సొత్తు వల్ల దండు దండంతా ఓడిపోయిన సంగతి మాకు గుర్తుచేశారు. "మన నలుగురిల ఎవరో ఏదో దాచిండ్రు. గది బయటపడేదాంక గీ కూత పోదు. సాయంత్రం గూడ గిట్లనే కూస్తె, రేపే గీ మైకు మిషిను కొన్న దుకాణంల వాపస్ ఇచ్చేస్త" అన్నారు.

మిషిను పోతే మైకువాడెందుకు?

అయ్యగారు పెట్టిన పద్ధతి ఇది: ఒకరు తన తప్పు ఒప్పుకోవాలి, మామ యాక్సిలరేటరు తొక్కాలి, నేను హలో అనాలి, అందరం వినాలి. (తప్పు ఎక్కడుందో ఒక్కొక్కటే తీసేస్తూ వెతకడమన్న ఈ పద్ధతినే తర్వాత నేను చేరిన వర్క్‌షాపులోనూ నేర్పారు.) మొదట అయ్యగారే, పోయిన ఆదివారం చెప్పిన ప్రసంగం మూడేండ్ల కిందటిదేనని ఒప్పుకున్నారు. (సంఘమంతటికీ తెలుసు. ముగింపు వస్తోందని పిల్లలు ముందే చెప్పులు వెతుక్కున్నారు.) మామ తొక్కాడు. కూసింది. ఆరాధనలో పంచే ప్రభువు బల్ల రొట్టె కోసం ఇచ్చిన పిండిలో పిరికెడు తీసి మనుమనికి రొట్టె కాల్చానని పాటలవ్వ ఏడ్చింది. కూసింది. తన వంతు రాగానే మామ దిగి, బంపరు వెనుక కట్టిన నిమ్మకాయల దండ విప్పి అయ్యగారి చేతికిచ్చాడు. నిన్న కొండగట్టులో కట్టించాడట. అయ్యగారు దాన్ని రెండు వేళ్లతో పట్టుకున్నారు. మళ్లీ తొక్కించారు. కూసింది. నిమ్మకాయల దోషం లేదని తేలింది. గొంతుకు మంచివని పాటలవ్వ వాటిని సంచిలో వేసుకుంది.

ఇక మిగిలింది నేను. చెబితే మైకు పోతుంది, చెప్పకపోతే మిషినే పోతుంది. అవ్వ కండ్లు ఇంకా తడిగానే ఉన్నాయి. పిరికెడు పిండి కోసం అంత ఏడ్చిన మనిషి పక్కన కూర్చుని ఇంకెంతసేపు దాచగలను?

"నేను గీకలే అయ్యగారు. ఆడ ప్రభువు పేరుండె."

అయ్యగారు నా పనిముట్ల సంచిలోంచి కత్తి తీసుకుని రేకు ముందు నిలబడ్డారు. ఆయన చెయ్యి కూడా ఆగిపోయింది. పాటలవ్వ కొంగు కప్పుకుని కండ్లు మూసుకుంది.

"నేను గీకుత, కత్తి ఇటియ్యుండ్రి" అన్నాడు మామ. "నాకేం పట్టింపు లేదు."

"నీ ఆత్మ మాత్రం ఉత్తగ దొరికిందా తమ్మీ? వద్దు" అన్నారు అయ్యగారు.

మామ బీడీ ముట్టించి, "అయ్యగారూ, జీపంత ఇనుమే గద. జర కిందికి కట్టుండ్రి" అన్నాడు.

జానెడు కింద ఇంకో బోల్టు ఉంది. దాని చుట్టూ ఒక్క అక్షరమూ లేదు. లేఖనాలు చదివిన ముగ్గురం దాన్ని కాసేపు చూశాం. చాచా వేలు పెట్టిన చోటు తప్ప ఎర్తుకు ఇంకో చోటు ఉంటుందని నాకు తట్టనే లేదు. రంగు గీకి వైరు మార్చాను. మామ తొక్కాడు. హలో అన్నాను. లౌడ్‌స్పీకరులోంచి హలో ఒక్కటే వచ్చింది.

ఒప్పుకోలుతో పోయిందని అయ్యగారు, బోల్టు మార్చినందుకు పోయిందని మామ. పరీక్షలో ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో చెప్పలేమని వర్క్‌షాపులో నాకు తర్వాత ఎన్నోసార్లు చెప్పారు. నేను రెండూ ఒక్కసారే చేశాను. కాబట్టి నన్ను సాక్ష్యానికి పిలవవద్దు.

"నిజం చెప్పినవు, సంతోషం" అన్నారు అయ్యగారు. "అబద్ధం గూడ చెప్పినవు. మూడు నెలలు చాపలు మొయ్యి."

ఆ సాయంత్రం మైకు పక్కన పాటలవ్వ కూర్చుంది. నేను చాపలు పరిచి అన్నిటికంటే వెనుక, మిరపకాయల సంచుల పక్కన కూర్చున్నాను. ఇంజను నడుస్తూనే ఉంది. అయ్యగారి గొంతు మాత్రం, ఒక్క గీత పడకుండా, అంగడి దాటి వినిపించింది. మిషిను పక్కన కూర్చున్నన్నాళ్లూ నేను విన్నది మిషినునే. ప్రసంగం మొదటిసారి ఆ రోజే విన్నాను. ఆ పంతొమ్మిదేళ్లవాడు ఎవరూ చూడకుండా కండ్లు తుడుచుకుని, అది పశ్చాత్తాపమని తనకు తాను చెప్పుకున్నాడు. సగం మైకు పోయినందుకేనని ఇప్పుడు నాకు తెలుసు. మిగతా సగాన్ని ప్రభువు తన లెక్కలో వేసుకుని ఉంటాడనే నా నమ్మకం.