పథ్యం మాన్పించిన సిస్టరు

1967 వానాకాలంలో నన్ను విజయనగరానికి గంట బస్సు దూరంలో ఉన్న ఒక ఆసుపత్రికి స్టాఫ్ నర్సుగా వేశారు. దాని పేరు రాయను. జరిగిన తప్పు నాది, ఆసుపత్రిది కాదు. మగవాళ్ల వార్డులో పద్దెనిమిది మంచాలు. నా పైన హెడ్ సిస్టరు, ఆవిడ పైన డాక్టరుగారు. నా శిక్షణ ముగిసి ఏడాదే అయింది. తెలిసింది గోరంత, గొంతు మాత్రం కొండంత. ఊళ్లోవాళ్ల వైద్యమంతా మూఢనమ్మకమేనని నాకు గట్టి నమ్మకం.

ఒక సోమవారం పోలమ్మ తన భర్త ఎర్రయ్యను తీసుకొచ్చింది. సముద్రంలో చేపల వేట మీద బతికే కుటుంబం. ఎర్రయ్యకు నలభై ఏళ్లుంటాయి. కళ్లు పసుపు పూసినట్టున్నాయి, కాళ్లు వాచాయి, పొట్టలో నీరు చేరింది. చేర్చుకునేటప్పుడు కేసు షీటులో రోగి అలవాట్లు రాయాలి. తాగుతాడా అని అడిగాను.

"నేదమ్మా, మా ఇంటాయన సుక్క ముట్టడు," అంది పోలమ్మ.

మా వైపు ఇంకా మద్యనిషేధం ఉన్న రోజులవి. సారా మాట ఒప్పుకుంటే పోలీసులొస్తారని జనం హడలిపోయేవారు. నేను 'లేదు' అని రాసి ఊరుకున్నాను. డాక్టరుగారు పొట్ట తట్టి చూసి, కాలేయం బాగా చెడిందనీ, మనిషి మాటతీరు కనిపెట్టుకుని ఉండమనీ నాకు చెప్పారు.

పోలమ్మ దగ్గర్లోనే ఉన్న చెల్లెలింట్లో వండి తెచ్చేది. పచ్చకామెర్లకు ఇంటి పథ్యమే పెడుతోంది: చప్పిడి గంజి, పలుచటి మజ్జిగ. చేప లేదు, గుడ్డు లేదు. నేను నవ్వాను. ఈ గంజితో మనిషి లేచి కూర్చుంటాడా, పథ్యం మానేసి బలమైన తిండి పెట్టు, మీకు చేపలకేం కొదవ అన్నాను. కాలేయం చెడినవాళ్లకు మాంసకృత్తులు ఎక్కువ పెట్టాలని అప్పట్లో మాకు నేర్పారు. మతి తేడా చేస్తే వెంటనే ఆపాలనీ నేర్పారు. నాకు మొదటి ముక్కే గుర్తుంది. పోలమ్మ నా మాట వేదవాక్కు అనుకుని పూటపూటా చేపల పులుసూ గుడ్లూ పట్టుకొచ్చింది.

బుధవారం ఎర్రయ్య పట్టపగలంతా నిద్రపోయాడు. లేచి, తాగే నీళ్లు దిండు మీద పోశాడు. నేను షీటులో 'ప్రశాంతంగా ఉన్నాడు' అని రాశాను.

గురువారం మధ్యాహ్నం పోలమ్మ ముద్ద అందిస్తుంటే ఆమె చెయ్యి తోసేశాడు. "ఎవురు నువ్వు? మా పోలిని ఏటి సేసినావు?" అని అరిచాడు. పదహారేళ్లు కాపురం చేసిన మనిషి. ఆమె కంచం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పక్క మంచాలవాళ్లు గాలి సోకిందన్నారు. నేను డాక్టరుగారి కోసం పరిగెత్తాను.

డాక్టరుగారు వచ్చి అతని చేతులు రెండూ ముందుకు చాపించి, అరచేతులు మణికట్టు దగ్గర పైకి వంచి ఉంచమన్నారు. అవి వాటంతటవే వాలాయి, లేచాయి, మళ్లీ వాలాయి. కాలేయం వడకట్టాల్సిన విషం మెదడుకు చేరుతోందనడానికి అది గుర్తు. మత్తులోకి జారితే వెనక్కి రావడం కష్టం. ఏం తింటున్నాడని అడిగారు, చెప్పాను. ఎవరు పెట్టమన్నారని అడిగారు, అదీ చెప్పాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ విషాన్ని పెంచేవి కాబట్టి చేపా గుడ్డూ ఆపేశాం. గ్లూకోజు ఎక్కించి, ఎనీమా ఇచ్చి, పేగుల్లో క్రిములు తగ్గడానికి నియోమైసిన్ మాత్రలు వేశాం. ఇలాంటి రోగి చేత రోజూ పొద్దున పేరు రాయించి చూడాలి. రాత కుదుటపడుతుంటే మెదడు తేరుకుంటున్నట్టు లెక్క. ఎర్రయ్యకు అక్షరం ముక్క రాదు. ఏం చేయాలో మాకు తోచలేదు. పోలమ్మే అంది: "రాత నేదు గానీ, వల అల్లతాడు గదమ్మా."

మంచం కమ్మీకి దారం కట్టి ఇచ్చాం. మొదటి రోజు దాన్ని చూసి ఏడ్చాడు. మర్నాడు వేసిన ముడి లాగగానే ఊడిపోయింది. ముడి ఊడినప్పుడల్లా పోలమ్మ నా మొహం చూసేది, నేను కేసు షీటు చూసేదాన్ని. ఈ మనిషి పోతాడనే అనుకున్నాను. ఆ భయంలోనే ఆమె నోరు విప్పింది. ఆరేళ్లుగా రోజూ సారా తాగుతున్నాడట. "నాను అబద్దమాడబట్టే ఇలాగయిపోనాడు సిస్టరమ్మా," అంది. నేను మాట్లాడలేదు.

ఆరో రోజు ఎర్రయ్య వరసగా నాలుగు ముళ్లు వేశాడు. లాగి చూశాను, ఊడలేదు. "పోలీ, ఈ దారం ఏటే ఇంత నాసిగున్నాది?" అని విసుక్కున్నాడు. పోలమ్మ వార్డులోనే భోరుమంది. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

ఇంటికెళ్లి మళ్లీ తాగాడు. పోలమ్మ రోజూ పొద్దున అతని చేత వల అల్లించి, ముడి సడలగానే బస్సెక్కించేది. ఏడాదిలో రెండుసార్లు అలా తెచ్చింది. రెండోసారి మత్తులోకి జారిన మనిషి మళ్లీ కళ్లు తెరవలేదు. శవాన్ని బండి ఎక్కిస్తున్నప్పుడు కూడా ఆమె తన అబద్ధాన్నే తలుచుకుని ఏడ్చింది.

ఇప్పటి డాక్టర్లు ఇలాంటి రోగులకు తిండి అంతగా కోయడం లేదు. వైద్యం మారింది. ఇంటివాళ్లు పెట్టే పథ్యం ఎందుకో కనుక్కోకుండా మాన్పించకూడదని ఆ కేసు నాకు నేర్పింది. తప్పును డాక్టరుకు ఒప్పుకున్నంత మాత్రాన నర్సు బాధ్యత తీరదనీ నేర్పింది. అది ఒప్పుకోవాల్సింది పోలమ్మ దగ్గర. ఏడాదిలో మూడుసార్లు అవకాశం వచ్చింది, మూడుసార్లూ నేను నోరు మెదపలేదు.